మా మావ అద్దాల లెన్సు, గౌరీదేవి కాకి

మా ఆయన్ని నేను మావా అనే పిలుస్తాను. మా అమ్మకు సొంత తమ్ముడు. పెళ్లికి ముందూ మావే, పెళ్లయ్యాకా మావే, డెబ్బై నాలుగో ఏడు నడుస్తున్న ఇప్పుడూ మావే. పేరు నీలకంఠం. ముప్పై ఒక్క ఏళ్లు ఉక్కు కంపెనీలో క్రేను నడిపాడు. అంత ఎత్తున ఓ గాజు గదిలో కూర్చుని కింద తిరిగే మనుషుల్ని చీమల్లా చూసి చూసి, ఆయన కళ్లకు దగ్గరవి ఆనడం మానేశాయి. కంచం పక్కన పెట్టిన ఉప్పు కనబడదు గానీ, నాలుగు మేడల అవతల పిట్టగోడ మీద ఏ పిట్ట వాలిందో, అది ఎటు తిరిగి కూర్చుందో చెప్పేస్తాడు. నాకు కొత్త చీర కట్టుకుని ఆయనకు చూపించాలంటే వీధి చివరికి వెళ్లి నిలబడాలి.

అలాంటి మనిషికి ఆరు నెలల కిందట సాక్చి బజారులో పాత కెమెరాలు బాగుచేసే సుమన్ ఒక లెన్సు అంటగట్టాడు. తువ్వాలులో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు మావ. విప్పి చూస్తే పొట్టిగా, లావుగా, ఇడ్లీపిండి కలిపే గిన్నెలా ఉంది. ముందు వైపు ఇంత వెడల్పు గాజు, ఆ గాజుకు సరిగ్గా నడుమ ఒక నల్లటి బిళ్ల. మూత తీయడం మరిచిపోయావా అని అడిగాను. మూత కాదట. దీన్ని అద్దాల లెన్సు అంటారట. దూరంవి దగ్గరగా తీయాలంటే మామూలుగా మూరెడు పొడుగు గొట్టం కావాలట, దాన్ని మోయడానికి ఎడ్లబండి కావాలట. ఇది పొట్టిగానే ఉండి ఆ పనే చేస్తుందట.

ఎలా చేస్తుందో నాకు చెప్పడానికి వంటింట్లోంచి కంచం ఒకటి, డబ్బా మూత ఒకటి తెచ్చాడు. వెలుగు లోపలికి వెళ్లి వెనకనున్న పెద్ద అద్దానికి తగిలి ముందుకొస్తుంది. ముందున్న ఈ చిన్న అద్దానికి, అంటే మనకు నల్లగా కనబడే బిళ్ల వెనక అతికించిన దానికి, తగిలి మళ్లీ వెనక్కి పోయి కెమెరాలో పడుతుంది. నేరుగా పోతే పోయేదానికి ఎందుకు ఇన్ని తిప్పలని అడిగితే మావ నిదానంగా చెప్పాడు. మైలు నడవమన్నాడు డాక్టరు, బయట వాన పడుతోంది. అప్పుడు నువ్వు ఏం చేస్తావు? వరండాలోనే అటూ ఇటూ తిరుగుతావు. మైలూ పూర్తవుతుంది, వరండా పెద్దదీ అవదు. వెలుగు కూడా అంతే. నాకు చక్కగా అర్థమైంది. నేను చదివింది రెండో తరగతే గానీ వరండాలో నడిచింది మాత్రం చాలా ఉంది.

అర్థం కానిది ఏమిటంటే, ఇంత తెలివైన డబ్బాతో తీసిన ఫొటోలన్నీ పొగమంచులో తీసినట్టు ఎందుకుంటాయన్నది. దీనికి సర్దుబాటు అంతా చేత్తోనే చేసుకోవాలి. మెడ దగ్గరున్న రింగును వెంట్రుకవాసి తిప్పాలి. ఊపిరి పీలిస్తే చెదిరిపోతుంది. ఎండ బాగా ఉండాలి, మబ్బు పట్టిందా ఇక డబ్బా దండగ. సోనారి విమానాల మైదానం నుంచి లేచే బుల్లి విమానాన్ని మావ తీస్తే, అది చూసి మా మనవరాలు సొరకాయ అంది. వీధిలో అందరూ నవ్వేవారే. ఆరు నెలల్లో ఒక్కరంటే ఒక్కరు మా ఫొటో తియ్యి నీలకంఠం అని అడిగిన పాపాన పోలేదు.

హరిప్రసాద్ అడిగేవరకు.

హరిప్రసాద్ మా ఎదురింటి గౌరీదేవి పెద్దకొడుకు. కంపెనీలో కాంట్రాక్టు ఫిట్టరు. గౌరీదేవిదీ నాదీ ఈ హిందీ ఊళ్లో, భాలుబాసా పేటలో నలభై ఆరేళ్లు ఎదురెదురు గుమ్మాలు. ఆవిడది టెక్కలి పక్క, నాది బొబ్బిలి పక్క. ఇన్నేళ్లలో ఆవిడ నాతో పదకొండుసార్లు మాటలు మానేసింది. పదకొండింటికీ కారణాలు నాకు గుర్తున్నాయి. ఏడోసారి అప్పడాలు ఆరబెట్టే జాగా గురించి, ఎనిమిదోసారి ఏడోదాన్ని నేను ఎవరితోనో చెప్పినందుకు. మిగిలినవి వదిలేస్తాను, ఆవిడ లేదు కదా. పోయి ఏడాదైంది. మంచి మనిషి.

గారెలంటే ఆవిడకు ప్రాణం. ఇది వీధంతా ఎరిగినదే. ఎవరింట్లో పప్పు రుబ్బినా ఆవిడకు తెలిసిపోయేది. ఆఖరి నెలలో గుండె బాగులేక మంచం పట్టినప్పుడు డాక్టరు నూనె వస్తువు నాలుక మీద పెట్టకూడదన్నాడు. ఆవిడ మూడుసార్లు అడిగింది, ఒక్క గారె పెట్టరా అని. హరిప్రసాద్ పెట్టలేదు. తగ్గాక పెడతానన్నాడు. మూడోసారి ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత చూడ్డానికి ఎవరు వచ్చినా ఒకటే మాట, నా కొడుకు నాకు గారె పెట్టలేదని. చుట్టాలతో అంది, పాలవాడితో అంది, గ్యాసు బండ తెచ్చిన కుర్రాడు తెలుగు రాక తల ఊపితే వాడికి హిందీలో కూడా చెప్పింది. పదిరోజులకు పోయింది.

ఆ కుర్రవాడు, కుర్రవాడేమిటి నలభై ఎనిమిదేళ్లవాడు, ఆ మాట మింగలేక కక్కలేక ఏడాదంతా తిరిగాడు. మా గుమ్మంలో కూర్చుని నాతో ఒక్కసారే అన్నాడు.

"తింటే సచ్చిపోద్దని పెట్టనేదు పిన్నీ. తినకపోయినా సచ్చిపోనాది."

టీ ఇచ్చాను.

ఇప్పుడు ఏడూడి వచ్చింది. సంవత్సరీకం నాడు చేసేది మీకు తెలిసిందే. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి డాబా మీద ఉంచి కాకిని పిలుస్తాం. కాకి వచ్చి ముట్టుకుంటే పెద్దవాళ్లే వచ్చి తిన్నట్టు. ముట్టేవరకు ఇంట్లో ఎవరూ ముద్ద నోట పెట్టకూడదు. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో కోరికో కోపమో మిగిలిపోయిందని అర్థం. హరిప్రసాద్ వారం ముందునుంచే ఆకాశంకేసి చూస్తూ తిరిగాడు. కాకి ముట్టకపోతే అమ్మ కోపం పోలేదన్నమాటే కదా.

దీనికితోడు అతని తమ్ముడు భానుప్రకాష్ చక్రధర్‌పూర్‌లో రైల్వేలో ఉన్నాడు. ఆ రోజు డ్యూటీ, సెలవు దొరకలేదు. ఫోనులో అన్నతో చెప్పాడట, కాకి ముట్టినట్టు ఫొటో పంపు, అది చూశాకే నేను అన్నం తింటానని. మామూలు ఫోనుతో తీద్దామంటే మనిషి దగ్గరుండాలి, మనిషి దగ్గరుంటే కాకి రాదు. దూరం నుంచి తీసేవాడు భాలుబాసా మొత్తానికి ఒక్కడే.

హరిప్రసాద్ వచ్చి అడిగినప్పుడు మావ మొహం చూడాలి. వెంటనే ఒప్పుకోలేదు, చూద్దాంలే అన్నాడు. అతను గేటు దాటగానే లెన్సు తుడవడం మొదలుపెట్టాడు.

మర్నాడు మాఘమాసపు ఎండ, మబ్బన్నది లేదు. పదకొండున్నరకు హరిప్రసాద్ వాళ్ల డాబా మీద విస్తరి పెట్టారు. అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు, పాయసం, నడుమ గారెలు గుండ్రంగా పేర్చారు. కోడలు రమాదేవి తెల్లవారుజామున లేచి రుబ్బింది. కింద వరండాలో నలభై మంది బంధువులు, వీధివాళ్లు. నేనూ అక్కడే. ఎదురుగా మా డాబా మీద మావ తన సరంజామాతో ఉన్నాడు. పిట్టలు మనిషిని చూస్తే బెదురుతాయని, అందుకు తగ్గ ఏర్పాటు చేసుకుంటానని చెప్పి వెళ్లాడు. ఏమిటా ఏర్పాటన్నది నేను అడగలేదు. అడగాల్సింది.

హరిప్రసాద్ కాకా అని పిలిచి, మెట్ల మీదకు వెనక్కి వచ్చి నిలబడ్డాడు. కాకులు వచ్చాయి. రావడం బాగానే వచ్చాయి. పక్కింటి డిష్ యాంటెన్నా మీద ఒకటి, తీగ మీద ఆరు, వెనక వేపచెట్టులో ఇంకెన్నో. కానీ ఒక్కటీ దిగదు. డిష్ మీద కూర్చున్నదైతే తల ఇటు వంచి చూస్తుంది, అటు వంచి చూస్తుంది, కావుమంటుంది, మళ్లీ ముడుచుకు కూర్చుంటుంది. అచ్చం గౌరీదేవి అప్పడాల జాగా గొడవప్పుడు కూర్చున్నట్టే.

పన్నెండయింది. పన్నెండున్నర అయింది. బి షిఫ్టుకు వెళ్లాల్సినవాళ్లు నలుగురు ఉన్నారు. రెండింటికల్లా లోపల ఉండాలి. వాళ్లు గడియారాలూ, గారెల బుట్టా మార్చి మార్చి చూస్తున్నారు. నాకు షుగరు. వేళకు తినాలి. అప్పుడు మొదలైంది అసలు తంతు. కాకి రాకపోతే పోయినవాళ్ల కోరిక ఏమిటో కనిపెట్టి, తీరుస్తామని కాకికి మాటివ్వాలి. అది మన పద్ధతి. ఆ కోరిక ఏమిటో ఎవరికి వారికి అప్పుడే గుర్తొచ్చింది.

సోనారి నుంచి వచ్చిన ఆడపడుచు పద్మశ్రీ, అమ్మ మనసు తన చెవిదిద్దుల మీదే ఉందనీ, అవి కూతురికే చెందాలని అమ్మ అనుకునేదనీ చెప్పింది. ఆ దిద్దులు అప్పుడు రమాదేవి చెవులకు ఉన్నాయి. రమాదేవి దిద్దుల ఊసెత్తకుండా, అత్తగారికి ఉన్న బెంగల్లా కొడుకు ఖైనీ పొగాకు నమలడం మానడం లేదన్నదేనని తేల్చింది. హరిప్రసాద్ మెట్ల మీంచే చేతులు జోడించి, దిద్దులు చెల్లికి ఇచ్చేస్తాననీ, ఖైనీ ఈ క్షణం నుంచి బందనీ కాకికి చెప్పాడు. కాకి తల ఇటు వంచింది.

కాలేజీలో చదివే వాళ్లమ్మాయి యోగిత వెనకనుంచి హిందీలో అందుకుంది, తనకు స్కూటీ కొనిపెట్టమని నాన్నమ్మ చెప్పిందట.

"దాదీ నే బోలా థా పాపా, యోగితా కో స్కూటీ దిలా దేనా."

"ఎప్పుడందే? మంచంలో ఉన్నాది, దానికి స్కూటీ అంటే ఏటో తెలుసా?" అంది రమాదేవి.

"సబ్ పతా థా ఉన్‌కో."

హరిప్రసాద్ కూతురికేసి చూడను కూడా చూడలేదు. "స్కూటీ కూడా ఇప్పిత్తానమ్మా. దిగు," అన్నాడు కాకితో. కాకి తల అటు వంచింది. బి షిఫ్టువాళ్లలో ఒకడు ఆకలికి తట్టుకోలేక, తనకు కంపెనీలో పర్మనెంటు అయ్యేలా చూడాలని కూడా ఆవిడ అనుకునేదని చెప్పబోతే పక్కవాడు ఆపాడు.

ఒంటిగంట దాటాక హరిప్రసాద్ మెట్లు ఎక్కి వెళ్లి విస్తరి పక్కన గొంతుకు కూర్చున్నాడు. అతను గారెలకేసి చూస్తూ చాలా మెల్లిగా అన్నాడు. వెనకే ఎక్కిన నాకు వినబడింది.

"గారి పెట్టనేదనేనేటమ్మా? ఇయ్యాల పెట్టినాను కదా. ఇంకా కోపమేనా?"

కాకి కదల్లేదు. అతని భుజాలు కదిలాయి. నాకు చూడబుద్ధి కాక మొహం తిప్పుకున్నాను. తిప్పుకుంటే ఎదురుగా మా డాబా. అప్పుడు చూశాను.

మా పిట్టగోడ మీద ఒక గుడ్లగూబ కూర్చుని ఉంది.

దూడంత ఉంది. ఒళ్లంతా ముదురు గోధుమరంగు. మెడ లేదు. మొహం నడుమ ఒకే ఒక్క కన్ను, చిన్న పళ్లెమంత. మెరిసే కన్ను, నడుమ నల్లటి పాప. అది మెల్లిగా ఇటు తిరిగింది, ఎండ తగిలి తళుక్కుమంది, మళ్లీ మెల్లిగా కాకి వైపు తిరిగి గుచ్చి చూసింది. ఆ తర్వాత ఆ గుడ్లగూబ పక్కన మా పచ్చ ప్లాస్టిక్ చెంబు కనబడింది, మావ మంచినీళ్లు తాగేది. ఒంటిమీద ఉన్నది చలికి కప్పుకునే మా కంబళి. పిట్టలు బెదరకుండా ఆయన చేసుకున్న ఏర్పాటు అదన్నమాట.

అప్పుడు కాకుల్ని సరిగ్గా చూశాను. ఒక్కటీ విస్తరికేసి చూడడం లేదు. డిష్ మీదదీ, తీగ మీదవీ, చెట్టులోవీ అన్నీ మా డాబాకేసే తిరిగి ఉన్నాయి. మా పుట్టినూళ్లో పగటిపూట గుడ్లగూబ బయటికొస్తే ఊరి కాకులన్నీ చుట్టూ మూగి గోల చేసేవి గానీ కిందికి దిగి గింజ ముట్టుకునేవి కావు. యాభై ఏళ్ల కిందట చూసింది నిన్న చూసినట్టు గుర్తొచ్చింది. గౌరీదేవికి కోపమూ లేదు, దిద్దులూ అక్కర్లేదు. పాపం, మా ఆయన్ను చూసి హడలిపోయింది.

ఈ సంగతి అక్కడ నోరెత్తి చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. నలభై మంది ఆకలి మీద ఉన్నారు, అందులో పద్మశ్రీ ఒకతి. మాత్ర వేసుకొస్తానని చెప్పి దిగాను. వాళ్ల మెట్లు పద్నాలుగు, వీధి దాటితే మా మెట్లు పదిహేడు. మోకాళ్లు పట్టుకుని ఎక్కేసరికి కంబళి కిందనుంచి మాట వచ్చింది.

"కదలకే. ఇప్పుడే ముట్టుతాది."

"నువ్వలా కూకుంటే ఈ జన్మకి ముట్టదు మావా. నువ్వు గుడ్లగూబలాగున్నావు."

"పెళ్లైన కాడ్నుంచి అదే అంటన్నావు."

"అప్పుడన్నది నిన్ను. ఇప్పుడంటన్నది నీ డబ్బాని. ఎదర సూసొచ్చినాను. అది కన్నులాగున్నాది."

కంబళి ఎత్తి తల బయట పెట్టాడు. చెమటలు కారుతున్నాయి. అది కన్ను కాదనీ, చిన్న అద్దం వెనక భాగమనీ, అది లేకపోతే వెలుగు వెనక్కి తిరగదనీ మొదలుపెట్టాడు. ఆ సంగతి నాకు కాదు, కాకికి చెప్పమన్నాను. ఒకసారి కాకులకేసి చూశాడు. లెన్సును కొంచెం ఎడమకు తిప్పాడు. కాకులన్నీ కొంచెం అటు జరిగాయి. కుడికి తిప్పాడు. ఇటు జరిగాయి. ముప్పై ఒక్క ఏళ్లు క్రేను నడిపినవాడు, ఒకటి తిప్పితే ఇంకొకటి కదలడం ఏమిటో తెలియనివాడు కాదు.

అయినా లెన్సు మీద చెయ్యి తియ్యలేదు. "ఒకడొచ్చి నన్ను ఫొటో తియ్యమన్నది ఇదే మొదలే," అన్నాడు.

ఆ మాటకు నా మనసు చివుక్కుమంది. ఆరు నెలలుగా ఆ సొరకాయ విమానం చూసి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ అక్కడ విస్తరి పక్కన మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నవాడు ఉన్నాడు కదా. నా పమిట చెంగు తీసి లెన్సు మొహం మీద కప్పి రెండు చేతులా పట్టుకున్నాను. మావ కంబళి తీసేసి నేల మీద కూలబడ్డాడు.

లెక్కపెడితే నూరు కూడా దాటలేదు. డిష్ మీద కాకి దిగింది. హరిప్రసాద్ ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు, రెండు మూరల దూరంలో. దానికి అతనంటే భయమే లేదు. పప్పు చూడలేదు, పాయసం చూడలేదు, నేరుగా ఒక గారె కరుచుకుని ఎగిరిపోయింది. దాని వెనక మిగతావన్నీ ఒక్కసారిగా దిగాయి. ముట్టింది, ముట్టింది అని ఎవరో కిందికి కేకేశారు. నలభై మంది ఒక్కసారి లేచి విస్తళ్ల వైపు కదిలిన చప్పుడు వీధి ఇవతలికి వినబడింది.

ఫొటో మాత్రం లేదు. కాకి గారె కరుచుకున్న ఆ క్షణంలో లెన్సు నా పమిట చెంగు కింద ఉంది.

మేం కిందికి దిగేసరికి వీధి దాటి హరిప్రసాదే వచ్చాడు. అన్నానికి కూర్చోలేదు. లోపల తగువు నడుస్తోందట, కాకి ఏ మాటకు దిగిందని. దిద్దుల మాటకే అంటుంది పద్మశ్రీ. ఖైనీ మాటకంటుంది రమాదేవి. యోగిత అప్పుడే స్కూటీ రంగు చెప్పేసింది. అతను మా అరుగు మీద కూర్చుని తల దించుకున్నాడు.

"ఏ మాటకొచ్చినాదో తెల్డం నేదు పిన్నీ. కోపం పోయి వచ్చినాదో, ఆకలేసి వచ్చినాదో. ఫొటో సూపించు బాబాయ్. అమ్మ మొకం ఎలాగున్నాదో సూత్తాను. తమ్ముడికి కూడా పంపాలి, ఆడింకా తిన్నేదు."

కాకి మొహంలో ఏం కనబడుతుందని నేను అడగలేదు. ముట్టినప్పటిది లేదని మావ చెప్పాడు. ఎందుకు లేదన్నది చెప్పబోతే నేను కాలు తొక్కాను. అంతకుముందు తీసినవి నలభై మూడు ఉన్నాయనీ, వాటిలో ఒక్కటి మాత్రం కుదిరిందనీ చెప్పి వెనకనున్న బుల్లి తెర కనబడేలా కెమెరా అతని చేతికిచ్చాడు. నేనూ వంగి చూశాను.

నిజం చెప్పొద్దూ, అంత మంచి ఫొటో ఆయన ఎప్పుడూ తీయలేదు. డిష్ అంచు మీద కాకి, ఈకకు ఈక కనబడుతోంది, కంట్లో మెరుపు కనబడుతోంది. దాని వెనక వేపచెట్టు ఎక్కడికో కరిగిపోయింది. చెట్టు ఉండాల్సిన చోట, తెర నిండా, గుండ్రంగా, బంగారు రంగులో, చిన్నవీ పెద్దవీ ఒకదాని మీద ఒకటి, ఒక్కొక్కదానికీ సరిగ్గా నడుమ చిల్లుతో...

హరిప్రసాద్ నోరు తెరిచాడు.

"గారిలు."

నేనూ కాదనలేకపోయాను. వాయి తర్వాత వాయి తీసి కాకి చుట్టూ ఆకాశం నిండా ఆరబెట్టినట్టే ఉన్నాయి. కాకి వాటి మధ్య, పెళ్లిలో మొదటి పంక్తిలో కూర్చున్న పెద్దముత్తైదువలా ఉంది.

ఇక్కడ మా మావ గురించి ఒక మాట చెప్పాలి. అబద్ధం ఆడమంటే ఆడలేడు సరే, నిజం చెప్పకుండా ఊరుకోమన్నా ఊరుకోలేడు. నేను రెండోసారి కాలు తొక్కేలోపే అనేశాడు.

"అయి గారిలు కాదురా. ఆకుల సందుల్లో ఎండ. నడుమ బిళ్ల అడ్డంగా ఉన్నాది కదా, ఎలుగు దాని సుట్టూరా తిరిగి ఎల్లాల. అందుకే అలాగ రింగుల్లా పడతాది."

హరిప్రసాద్ లెన్సు అడిగి తీసుకున్నాడు. ఫిట్టరు కదా, తిప్పి చూశాడు, ముందు చూశాడు, వెనక చూశాడు, బిళ్ల మీద వేలు పెట్టబోయి మావ మొహం చూసి ఆగాడు.

"అన్ని లెన్సుల్లోనూ ఇలాగే పడతాదా బాబాయ్?"

"నేదు. మిగతావాట్లో సదునుగా బిళ్లల్లా పడతాది. ఈ అద్దాలదాంట్లోనే సిల్లు."

అతను మళ్లీ తెరకేసి చూశాడు. ఏడాదిగా నేను చూడని నవ్వు ఒకటి మొహంలోకి వచ్చింది.

"అదీ సంగతి. సిల్లు నేకపోతే మా అమ్మ ముట్టదు కదేటి. సిల్లు నేందాన్ని గారి అనేది కాదు, బూరి అనేది. రమ ఎన్నిసార్లు తిట్లు తిన్నాదో నీకెరికే కదా పిన్నీ."

నాకెరుకే. పెళ్లైన కొత్తలో రమాదేవి చిల్లు పెట్టడం మరిచిపోయిన వాయి మొత్తం ఆవిడ వీధి కుక్కకు వేసింది. తొమ్మిదోసారి మాటలు మానేసింది నేను కోడలి పక్షం మాట్లాడినందుకే.

మావ ఇంకా చెబుతున్నాడు, వెలుగు, అద్దం, వరండా. హరిప్రసాద్ చెప్పినదంతా బుద్ధిగా విన్నాడు. తల ఊపాడు. ఒక్క ముక్కా కాదనలేదు. చివరికి, అంతా నిజమేననీ, కాకపోతే ఇన్ని లెన్సులుండగా బాబాయికి సరిగ్గా గారెలు వేసే లెన్సే ఎందుకు దొరికిందో అది కూడా ఆ సుమన్‌ని అడిగి చెప్పమనీ అన్నాడు. మా మావ లెన్సు వెనక్కి తీసుకుని తువ్వాలుతో తుడవసాగాడు.

యోగిత వచ్చి ఆ తెరను తన ఫోనుతో ఫొటో తీసి చక్రధర్‌పూర్‌లో ఉన్న తన బాబాయికి పంపింది. ఆ అమ్మాయి కూడా చూసి, వావ్ దాదీ, ఇత్‌నా సారా వడా అని, తండ్రి భుజం మీద గడ్డం ఆనించింది. నిమిషంలో భానుప్రకాష్ ఫోను. వెనక రైలు కూత వినబడుతోంది. ఫొటోలో కాకి ఇంకా ముట్టినట్టు లేదేమిటని అతని అనుమానం.

"సుట్టూ సూడరా," అన్నాడు హరిప్రసాద్. "అన్ని గారిల మద్దిన కూకున్నాది. మనం పెట్టింది పదకొండు. ఆటికోసం పరిగెట్టుకొత్తాదేటి? తీరుబడిగా వచ్చినాది, ఒకటి మరియాదకి ముట్టినాది. నువ్వు తినేయ్."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు, టిఫిను డబ్బా మూత తీసిన చప్పుడు వినబడ్డాయి.

గుడ్లగూబ సంగతి నేను ఆ పూట చెప్పలేదు. చెబితే దిద్దులు, ఖైనీ, స్కూటీ అన్నీ తిరగబడతాయి. ఖైనీ మానడం మాత్రం మంచిదే కదా. మావ చేత కూడా ఒట్టు వేయించుకుని వీధి దాటాను.

మేం వెళ్లేసరికి బి షిఫ్టువాళ్లు తిని వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు ఆకలి మీద గారెలు ఎన్ని దిగాయో చెప్పలేను, బుట్ట బోర్లించి ఉంది. రమాదేవి చూసి మళ్లీ మూకుడు పొయ్యి మీద పెట్టింది. అడుగున మిగిలిన పిండిని తడి గుడ్డ మీద తట్టి, వేలితో నడుమ చిల్లు పొడిచి నూనెలో వదిలింది. హరిప్రసాద్ వంటింటి గుమ్మంలోనే పీట వేసుకుని కూర్చున్నాడు. పక్కన మా మావ, ఒళ్లో కెమెరా.

మొదటి గారె అతను చేత్తో పట్టుకుని చిల్లులోంచి ఒకసారి వెలుతురుకేసి చూశాడు. తర్వాత తిన్నాడు. రెండోదీ తిన్నాడు. మూడోది తింటుంటే కళ్లమ్మట నీళ్లు కారాయి గానీ నమలడం ఆగలేదు. అతనికీ కొలెస్ట్రాలు ఉందని డాక్టరు నూనె తగ్గించమన్నాడు, అది ఇంట్లో అందరికీ తెలుసు. నాలుగోది అయ్యాక ఖాళీ కంచం ముందుకు జరిపాడు. రమాదేవి చిల్లుల గరిటె పట్టుకుని, నూనె అనబోయి, నోరు తెరిచి, అతని మొహంకేసి చూసింది. నోరు మూసుకుని రెండు వేసింది.